‘రాదురా’నా, ‘రా లచ్చి’నా? తిక్కన పద్యం, రెండు అగ్రరాజ్యాలు

పద్యపిపాసి: 1985 నవంబరు 21 నాటి జెనీవా ప్రకటనను తెనిగిస్తున్నాను. అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ ఇద్దరూ ఒప్పుకున్న వాక్యం: అణుయుద్ధంలో గెలుపు లేదు, ఆ యుద్ధం ఎన్నడూ చేయకూడదు. దాని పక్కన పెట్టడానికి విరాటపర్వం పద్యమొకటి నోట్లో ఆడుతోంది. ‘వచ్చినవాడు ఫల్గుణుడవశ్యము గెల్తుమనంగ రాదురా’ దగ్గర ఆగిపోయింది. తర్వాతి పాదం చెప్పండి.

బండి ఱ: ముందు ఆ ‘రా’ సంగతి. అది పిలుపు కాదండీ. సేన ముందు భీష్ముడు రాజు దుర్యోధనుడితో అనే మాటలో ‘రా’ ఎందుకొస్తుంది? ‘రా / లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే’. రా లచ్చి అంటే రాజ్యలక్ష్మి. రాచిలుక, రాకొమరుడు లాంటిదే. పాదం చివర ఊపిరి తీసుకోవడం వల్ల పుట్టిందా ‘రాదురా’.

అణుచరిత్ర: పద్యం గొప్పదే, పోలిక పొసగదు. ‘రెండును గెల్వనేర్చునే’ అంటే రెండూ గెలవవు, ఒకటి ఓడుతుందని. జెనీవా మాట ఏదీ గెలవదని. దానికి కారణం జలాంతర్గాములు. 1960 నవంబరులో అమెరికా తొలి పొలారిస్ జలాంతర్గామి 16 క్షిపణులతో గస్తీకి దిగింది. ఇక నేలమీది స్థావరాలన్నీ ముందే కొట్టేసినా బదులు దెబ్బ తప్పదు. ఆ దశకం చివర్లో అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా కట్టిన లెక్క: దెబ్బ తిన్నాక కూడా సోవియట్ జనాభాలో 20 నుంచి 25 శాతాన్ని, పరిశ్రమల్లో సగాన్ని నాశనం చేయగలిగితే చాలు, ఆ భయంతో వాళ్లు ముందు దాడికి దిగరు.

ఛందోబంధు: ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ఎవరూ చూడరేం? వచ్చి, లచ్చి, హెచ్చు, ఇచ్చ. ‘ఇచ్ఛ’ను ‘ఇచ్చ’గా మార్చుకున్నాడే గాని చ్చ ప్రాసలో చ్ఛ వేయలేదు తిక్కన. మన పత్రికలేమో ‘ప్రచ్చన్న యుద్ధం’ అని అచ్చేస్తాయి. ప్ర + ఛన్న. హ్రస్వం తర్వాత ఛ వస్తే మధ్యలో త్ చేరుతుంది (తుగాగమం), ఆ త్ చ్ అవుతుంది. ప్రచ్ఛన్న. గణాలకు రెండూ ఒకటే, తప్పు పట్టించేది ప్రాసే.

అణుచరిత్ర: ఒత్తు మాట అటుంచండి, అసలు ‘శీతల యుద్ధం’ అనాలి. 1961 అక్టోబరు 30న నొవాయా జెమ్ల్యా దీవుల మీద సోవియట్లు 50 మెగాటన్నుల బాంబు పేల్చడంలో ప్రచ్ఛన్నం ఏముంది?

ఛందోబంధు: మరి 1962? క్యూబాకు క్షిపణులు పంపే పథకానికి మంచుసీమలోని ‘అనాదిర్’ నది పేరు పెట్టి, సైనికులకు స్కీలు, చలికోట్లు ఇచ్చారు. టర్కీ నుంచి తన జూపిటర్ క్షిపణులు తీసేస్తానన్న అమెరికా హామీని ఏళ్ల తరబడి బయటికి పొక్కనివ్వలేదు. ఛన్నం అంటే కప్పినదే కదా.

పద్యపిపాసి: చివరి పాదానికి రండి. ‘కిచ్చ దలంచి యొక్కమెయి నిత్తఱి బొందగు చేత నీతియౌ’లో పొందు అంటే తగినదనా, సంధి అనా? సంధి అయితే 1987 డిసెంబరు 8న రెండు అగ్రరాజ్యాలు మధ్యశ్రేణి క్షిపణులపై చేసుకున్న ఐఎన్‌ఎఫ్ ఒప్పందానికీ అతుకుతుంది.

బండి ఱ: పొందగు చేత అంటే తగిన పని. సంధి ధ్వని మాత్రమే.

అణుచరిత్ర: సంధి అనుకున్నా ఆ ఒప్పందం లోతు చూడండి. 500 నుంచి 5,500 కిలోమీటర్లు పోయే క్షిపణులు 2,692 ధ్వంసమయ్యాయి. అమెరికా పెర్షింగ్-2 క్షిపణుల మోటార్లను కదలకుండా బిగించి మండించారు. కానీ వార్‌హెడ్‌లోని అణు పదార్థాన్నీ, గైడెన్స్ పరికరాన్నీ ముందే విప్పి ఉంచుకోవచ్చని అందులోనే రాసుకున్నారు.

ఛందోబంధు: ముందు ‘ఒక్కమెయి’ తేల్చండి. ఒక విధంగా అనా, ఒక్కటిగా అనా? పొందు అర్థం దాన్నిబట్టే మారుతుంది.