వేసవి సెలవుల్లో చదివి రాసే పని: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇవ్వాలా?

ఏడో తరగతి అమ్మ:
మా అబ్బాయికి సెలవుల్లో 3 పుస్తకాలు చదివి, ఒక్కోదానికి 3 పేజీల సారాంశం రాయమన్నారు. నిరుడూ ఇంతే. కథలో కుక్క చనిపోయిన చోట వాడు ఇలా రాశాడు: "ఇక్కడ పుస్తకం మూసేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచాను." నోట్‌బుక్ తిరిగొచ్చింది. చివరి పేజీలో ఒక టిక్, ఒక సంతకం. ఈసారి రాయనని మొండికేశాడు. నాకూ బలవంతపెట్టాలని లేదు.

భాషా మాస్టారు:
రాయించండమ్మా. సెలవుల్లో పుస్తకం ముట్టని పిల్లలు తిరిగొచ్చాక ఒక పేరా చదవడానికే తడబడతారు. 1996లో అమెరికా పరిశోధకుడు హ్యారిస్ కూపర్ బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, వేసవి తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువు వెనకబడ్డారని తేలింది.

లెక్కల మనిషి:
మాస్టారూ, అందులోనే లెక్కల్లో నష్టం ఎక్కువని కూడా ఉంది. పైగా 2019లో పాల్ వాన్ హిప్పెల్ అనే మరో పరిశోధకుడు ఇదే విషయం మళ్లీ పరిశీలించారు. పాత ఫలితాల్లో కొన్ని, మార్కులు లెక్కగట్టిన పద్ధతి వల్లే అలా కనిపించాయని రాశారు. ఆ "ఒక నెల" పట్టుకుని 9 పేజీలు రాయిస్తారా?

భాషా మాస్టారు:
నెలో, పదిహేను రోజులో. నా కళ్లెదుట తడబడే పిల్లాడు ఏ లెక్కకు అందుతాడు?

లెక్కల మనిషి:
నెల అన్నది మీరే కదండీ.

పాత విద్యార్థి:
మాకు రోజుకో పేజీ చేతిరాత ఉండేది. అంతా చివరి రెండు రోజుల్లో వేళ్లు వాచేలా రాసేవాళ్లం.

పుస్తకాల అరమర:
అమెరికాలో రిచర్డ్ ఆలింగ్టన్ అనే పరిశోధకుడి బృందం పేద పిల్లలకు వరసగా 3 వేసవులు, ఏటా 12 పుస్తకాలు ఇచ్చింది. ఎంచుకున్నది పిల్లలే. 2010లో ఫలితాలు వచ్చాయి, చదవడం మెరుగుపడింది. మీ బాబు పుస్తకాలు ఎవరు ఎంచారమ్మా?

ఏడో తరగతి అమ్మ:
బడివాళ్లే జాబితా ఇచ్చారు.

భాషా మాస్టారు:
ఉత్త పుస్తకాలు చేతికిస్తే చాలదు. జేమ్స్ కిమ్ 2008 అధ్యయనంలో పుస్తకాలతో పాటు టీచర్, తల్లిదండ్రుల సాయం కూడా అందిన పిల్లలే మెరుగయ్యారు.

లెక్కల మనిషి:
ఆ రెండూ చిన్న తరగతుల పిల్లల మీద చేసినవి. ఏడో తరగతి సంగతి వేరు.

భాషా మాస్టారు:
సరే, నా అనుభవమే చెబుతాను. నాకు 150 నోట్‌బుక్కులు వస్తాయి. నిరుడు 11 మందివి అక్షరం పొల్లుపోకుండా ఒకటే సారాంశం. కొన్ని అమ్మలు రాసిపెట్టినవి. రాయించకపోతే ఎవరు చదివారో నాకెలా తెలుస్తుంది?

ఏడో తరగతి అమ్మ:
నేను రాసిపెట్టానంటున్నారా? ఆ కుక్క మాట వాడిదే. కళ్లు తుడుచుకుంటూ రాస్తుంటే పక్కనే ఉన్నాను. మీకు కావలసింది చదివాడన్న సాక్ష్యం. వాడు రాసింది ఎవరో ఒకరు చదువుతారన్న ఆశతో. మీరు ఆ 150 చదివారా?

భాషా మాస్టారు:
మిమ్మల్ని అనలేదు, తప్పుగా వినిపిస్తే మన్నించండి. బడి తెరిచిన వారంలోనే అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, కొత్త టైంటేబుల్. లేదమ్మా, అన్నీ చదవలేదు. చాలావాటికి టిక్ పెట్టేశాను. మీ అబ్బాయిది నా దగ్గరికి రాకపోయినా, అలాంటి మాట రాసిన పిల్లలు నా తరగతిలోనూ ఉండే ఉంటారు.

పుస్తకాల అరమర:
చదవగలిగినంతే రాయించండి. పిల్లాడికో పేజీ చాలు.

భాషా మాస్టారు:
ఒక్క పేజీతో రాత కుదరదు, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఈసారి సారాంశం అడగను. ఎక్కడ ఆగావో, ఎందుకు ఆగావో ఒక పేజీ రాయమంటాను. రోజుకు పది చొప్పున చదివి, ప్రతిదాని కింద ఒక వాక్యం రాస్తాను.

ఏడో తరగతి అమ్మ:
మీ మాట వాడికి చదివి వినిపించాను. "మా సార్ కూడా అలా రాస్తారా?" అని అడిగాడు. రేపు బడికి ఫోన్ చేసి కనుక్కుంటాను.