క్లినికల్ సైకాలజీ సీటు ఇచ్చేటప్పుడు ఇంగ్లీష్ చూడాలా, పేషెంట్ భాష చూడాలా?

(మానసిక సమస్యల్ని పరీక్షించి, మాటలతో చికిత్స చేయడం నేర్పే ఎంఫిల్ కోర్సు గురించి ముగ్గురి చర్చ. హోసూరు రోడ్డు, సిల్క్‌బోర్డ్, అనంతపురం పిల్ల అన్నవి వాళ్లు పెట్టుకున్న పేర్లు.)

హోసూరు రోడ్డు: బెంగళూరులో మా ఆస్పత్రి ఓపీకి మదనపల్లె నుంచి ఒకామె వచ్చింది. "గుండె పీకతాంది నాయనా, యాడా కూసోబుద్ధి కాదు" అంది. ట్రెయినీకి హిందీ, ఇంగ్లీషే వచ్చు. సెక్యూరిటీ అతన్ని పిలిస్తే "ఛాతీ నొప్పంట మేడమ్" అన్నాడు. ఈసీజీకి పంపారు. తర్వాత నేను తెలుగులో పలకరిస్తే, కొడుకు అప్పుల సంగతి చెప్పి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందుకే అంటున్నా, ఇంటర్వ్యూలో ఇంగ్లీష్ ధాటికి పడే మార్కుల్లో కొన్ని తీసి, పేషెంట్ భాషలో కేసు హిస్టరీ రాబట్టగలిగినవాళ్లకి ఇవ్వాలి.

సిల్క్‌బోర్డ్: ఒప్పుకోను అక్కా. పుస్తకాలు, టెస్టుల మాన్యువళ్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఈ ఊళ్లో కన్నడ, తమిళం, తెలుగు, ఉర్దూ, ఏ భాషకి మార్కులిస్తారు? కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న బిహార్ అమ్మాయి ఏం పాపం చేసింది? చచ్చిపోవాలనుకుంటున్న మనిషి ముందు కూర్చునేవాళ్ల ఎంపికలో రాజీ కుదరదు. రిజర్వేషన్ ఎలాగూ ఉంది.

అనంతపురం పిల్ల: ఆ రిజర్వేషన్ లెక్క చూడండి అన్నా. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకి 7.5 శాతం. ఆరు సీట్లున్న చోట అది అర సీటు కూడా కాదు, రోస్టర్‌లో, అంటే ఏ సీటు ఏ వర్గానికో చెప్పే వరస పట్టికలో, వంతు వచ్చేదాకా ఆగాలి. సీటు వచ్చినా రెండేళ్లు ఫుల్‌టైమ్ చదువు, పక్కన ఉద్యోగం కుదరదు. బెంగళూరు అద్దె ఎవరు కడతారు? మా నాన్న వేరుశనగ రైతు. నా మొదటి కేస్ ప్రెజెంటేషన్‌లో పేషెంట్ గురించి ఒక్క ప్రశ్న రాలేదు, నా ఉచ్చారణ మాత్రం మూడుసార్లు దిద్దారు. నెలపాటు నోరు విప్పలేదు. అదే నెల పక్క వార్డు వాళ్లు తెలుగు పేషెంట్లు వచ్చినప్పుడల్లా నన్నే పిలిచేవాళ్లు. ఆ పనికి మార్కు లేదు.

సిల్క్‌బోర్డ్: అద్దె, స్టైపెండ్ విషయంలో మీతోనే ఉన్నాను చెల్లీ. భాషకి మార్కులంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఇంటర్‌ప్రెటర్లకి ట్రెయినింగ్ ఇచ్చి పెట్టండి.

హోసూరు రోడ్డు: పెట్టాల్సిందే, కానీ అప్పుల మాట, మొగుడి దెబ్బల మాట మూడో మనిషి ముందు ఎంతమంది చెబుతారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే, మనిషికి అర్థమయ్యే సులువైన భాషలో సమాచారం ఇవ్వాలంటోంది. బిహార్ అమ్మాయి విషయంలో మీ మాట న్యాయమే. ఆమెని ఆపొద్దు, మొదటి ఆరు నెలల్లో ఇక్కడి భాష ఒకటి నేర్పి పరీక్ష పెట్టండి. యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ ఎంఫిల్ డిగ్రీని తీసేసి, మన క్లినికల్ సైకాలజీ ఎంఫిల్‌కి మాత్రం 2025-26 వరకు వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చే కోర్సుల్లో ఈ భాష పరీక్ష, స్టైపెండ్ రెండూ ఉండాలని మా విభాగం తరఫున ఉత్తరం రాస్తున్నా. చెల్లీ, నీ ప్రెజెంటేషన్ సంగతి పేరు లేకుండా అందులో పెట్టొచ్చా?

అనంతపురం పిల్ల: పెట్టండక్కా. మూడుసార్లు అని కూడా రాయండి.