డయాలిసిస్ ద్రవంలో మళ్లీ పొటాషియం ఎందుకు?

సిక్కోలు కుర్రాడు:
మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయిస్తున్నాం. మిషన్ పక్కనున్న క్యాన్ మీద లేబుల్ చదివితే సోడియం, కాల్షియంతో పాటు పొటాషియం కూడా ఉంది. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు ముట్టొద్దు అని మమ్మల్ని అంత భయపెట్టి వీళ్లే పొటాషియం కలపడమేంటి? ఇంకోటి, రక్తాన్నీ ద్రవాన్నీ వేరుచేసే పల్చటి పొరకి అటూ ఇటూ గాఢత సమానమయ్యేదాకే కదా డిఫ్యూజన్ (ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి అణువులు పోవడం), అంటే సగం యూరియా ఒంట్లోనే ఉండిపోతున్నట్టా? బైపీసీ చదివినవాణ్ణే, అయినా బుర్రకెక్కట్లేదు.

డయాలిసిస్ టెక్నీషియన్:
కలిపేది తక్కువే తమ్ముడూ, లెక్కంతా అక్కడే ఉంది. రక్తంలో లీటరుకి 6 మిల్లీమోల్స్ ఉండి ద్రవంలో 2 ఉంటే పొటాషియం బయటికే వస్తుంది, కానీ ఎంతసేపు నడిపినా 2 కంటే కిందికి దిగదు. అసలు కలపకపోతే మరీ తొందరగా పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. యూరియా, క్రియాటినిన్ లాంటి వ్యర్థాలు ద్రవంలో బొత్తిగా ఉండవు, అవి ఎంత పోతే అంత మంచిది. బైకార్బొనేట్ మాత్రం ద్రవంలోనే ఎక్కువ, అది రక్తంలోకి వెళ్లి ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు పొర రంధ్రాల్లో పట్టవు.

రిటైర్డ్ లెక్చరర్:
సగం మిగలడమనేది కదలకుండా ఉన్న ద్రవం సంగతి. ఇక్కడ నిమిషానికి దాదాపు 500 మిల్లీలీటర్ల కొత్త ద్రవం వస్తూ, వాడింది డ్రెయిన్‌లోకి పోతూ ఉంటుంది, నాలుగు గంటలకి 120 లీటర్లు. పైగా రక్తం ఒకవైపు నుంచి, ద్రవం ఎదురువైపు నుంచి పారతాయి కాబట్టి బయటికొచ్చే రక్తానికి చివర్లో కూడా తాజా ద్రవమే తగులుతుంది. యూరియాకి సమతాస్థితి రానివ్వరన్నమాట. (సమతాస్థితి అంటే అణువులు ఆగిపోవడం కాదు, అటు పోయేవీ ఇటు వచ్చేవీ సరిసమానం కావడం, పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.) ఒంట్లో నీరు తీసేది మాత్రం డిఫ్యూజన్‌తో కాదు, పీడనంతో లాగుతారు.

సిక్కోలు కుర్రాడు:
థాంక్సండీ. అయితే డయాలిసిస్ అయ్యాక రిపోర్టులో పొటాషియం 3.8 వస్తే ఆ రోజు ఒక పండు పెట్టొచ్చా? పక్క బెడ్ ఆయన తింటున్నాడు.

డయాలిసిస్ టెక్నీషియన్:
తొందరపడకు. ఒంట్లో పొటాషియం దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, మేం కడిగేది రక్తాన్ని. మిషన్ ఆపాక కణాల్లోంచి మెల్లగా రక్తంలోకి వస్తుంది, కొన్ని గంటల్లో ఆ 3.8 మళ్లీ పైకెక్కుతుంది. పక్క బెడ్ ఆయనకి ఇంకా యూరిన్ వస్తోందేమో, ఆయన లెక్క వేరు. నాన్నగారి పాత రిపోర్టులు పట్టుకెళ్లి నెఫ్రాలజిస్ట్‌నే (కిడ్నీ డాక్టర్‌నే) అడుగు, ద్రవంలో 2 పెట్టాలా 3 పెట్టాలా అన్నది కూడా ఆయనే చెప్తారు.