చింతపిక్కలు ఎడంగా పెడితే "ఎక్కువ" అంటున్నారు, ఏం చేయించాలి?

కావలి_అంగన్‌వాడీ:
మా సెంటర్లో నాలుగైదేళ్ల పిలకాయలు ఇరవై దాకా అంకెలు గడగడా చెప్తారు. ఎనిమిదేసి చింతపిక్కలు రెండు వరసలు పెడితే సమానమే అంటారు. కళ్లముందే ఒక వరసను ఎడంగా జరిపితే మాత్రం అదే ఎక్కువంటున్నారు. లెక్కపెట్టించినా అదే మాట. తల్లులేమో కూడికలు మొదలుపెట్టమంటున్నారు.

ఒంగోలు_బాలవిద్య:
లోపమేం కాదు మేడం. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే చెప్పిందీ ఇదే. ఆరేడేళ్ల దాకా వరస పొడవే కంటికి ఆనుతుంది, పిక్కల మధ్య ఎడం పెరిగిన సంగతి లెక్కలోకి రాదు. అడిగే తీరులోనూ తిరకాసుంది. "సమానమా?" అని అడిగి, జరిపి, మళ్లీ అదే అడిగితే మొదటి జవాబు తప్పేమోనని మార్చేస్తారు. 1974లో రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు జరిపాక ఒక్కసారే అడిగి చూస్తే తప్పులు తగ్గాయి. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అయితే అల్లరి ఎలుగుబంటి బొమ్మ చేత వరస చెదరగొట్టించారు. పెద్దవాళ్లు జరిపినప్పటికన్నా ఎక్కువమంది సరిగ్గా చెప్పారు.

ఎనిమిది వద్దు, నాలుగు పిక్కలతో మొదలుపెట్టండి. దానికన్నా ముందు జత కలపడం రావాలి. ఐదు ప్లేట్లు పరిచి "ప్లేటుకో గ్లాసు, అన్నీ ఒక్కసారే తేమ్మా" అనండి. ఒక్కొక్కటే మోస్తే ఆలోచించే పనుండదు. మిగిలినా, చాలకపోయినా వాళ్లే సర్దుకోవాలి, మనం నోరు మెదపకూడదు (అదే కష్టం). వామనగుంటల్లో గుంటకో గింజ వేస్తా పోవడమూ ఇదే పని. లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకునే బిడ్డకు, ఆఖరి అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. కూడికలు అప్పుడే వద్దు.

కందుకూరు_టీచర్:
స్ట్రాలు 6, 8, 10 సెం.మీ. కత్తిరించి పొట్టి నుంచి పొడుగుకి పేర్పించండి. చీపురుపుల్లలు గుచ్చుకుంటాయి. మూడు కుదిరాక ఐదు, ఆ తర్వాత 1 సెం.మీ. తేడాతో ఏడు. పైకొసలు మెట్లలా చేసి కింది అంచు వదిలేస్తారు, పలక ఆనించి పెడితే సరి. మధ్యలో పెట్టాల్సిన ముక్క విడిగా ఇస్తే మాత్రం తడబడతారు. అది ఒకదానికన్నా పొడుగు, ఇంకోదానికన్నా పొట్టి అని రెండూ కలిపి చూడాలి గదా.

కావలి_అంగన్‌వాడీ:
అట్టముక్కలు రంగును బట్టి చక్కగా వేరుచేస్తారక్కా. ఆకారాన్ని బట్టి అంటే చిన్నోళ్లు మళ్లీ రంగే చూస్తారు.

ఒంగోలు_బాలవిద్య:
మూడేళ్లకు అది మామూలే, పాత రూలు వదలదు. ఐదుకల్లా చాలామంది మార్చుకుంటారు. రూలు మళ్లీ మళ్లీ చెప్పడం కన్నా, ముక్క ఇచ్చినప్పుడల్లా "ఇదేం ఆకారం?" అని బిడ్డ చేతే చెప్పించి పెట్టించండి. ఆరు మల్లెలు, రెండు గులాబీలు చూపించి "మల్లెలెక్కువా, పూలెక్కువా?" అని మాత్రం ఇప్పుడే అడగొద్దు. మల్లెల్ని గులాబీలతోనే పోల్చి మల్లెలే అంటారు, ఏడెనిమిదేళ్లకు గానీ కుదరదు. మూడేళ్ల లోపు వాళ్లుంటే పిక్కలు అందకుండా పెట్టండి, గొంతులో అడ్డం పడతాయి.