రసాయన ఆయుధాలేమీ లేనప్పుడు ఇరాక్ అధ్యక్షుడు సద్దాం తనిఖీలకు తలుపులెందుకు మూశాడు?

నన్ను చాలాకాలంగా వేధిస్తున్న సందేహమిది. 1991లోనే ఇరాక్ తాను ప్రకటించకుండా దాచిన రసాయన ఆయుధాలను ఐరాస తనిఖీదారుల కంటపడకుండా రహస్యంగా ధ్వంసం చేసింది. సరైన లెక్కాపత్రం లేకపోవడంతో ఆ మాట ఎవరూ నమ్మలేదు. 1998 డిసెంబరులో వెళ్లిపోయిన తనిఖీ బృందాలను సద్దాం 2002 నవంబరు దాకా మళ్లీ అడుగుపెట్టనివ్వలేదు. ఐరాస తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ బృందం పని పూర్తికాకముందే, 2003 మార్చిలో అమెరికా దాడితో యుద్ధం వచ్చిపడింది.

ఇరాన్ భయంతోనే ఆయుధాలున్నాయన్న అనుమానాన్ని సద్దాం బతకనిచ్చాడంటారు. ఎనిమిదేళ్లు పోరాడిన పొరుగుదేశం ముందు బలహీనంగా కనిపించకూడదన్నది అర్థమవుతుంది. కానీ అమెరికా సేనలు కువైట్‌లో మోహరిస్తున్నా ముప్పును ఎందుకు తక్కువగా అంచనా వేశాడు? ఫ్రాన్స్, రష్యా అడ్డుపడతాయన్న ధీమానా, నిజం చెప్పే ధైర్యం చుట్టూ ఎవరికీ లేకపోవడమా? పశ్చిమాసియా చరిత్ర చదివినవారు దయచేసి వివరించగలరా?