అప్‌డేట్: పాప ఉన్న ఇంట్లో నీలగిరి తైలం

ఏడాదిన్నర పాపకి జలుబు చేస్తే నీలగిరి తైలం రాయొచ్చా, డిఫ్యూజర్‌లో (నూనె వాసనని గదంతా పరిచే పరికరం) వేయొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో పిల్లల డాక్టర్‌గారిని కూడా అడిగాం. రెండేళ్లలోపు పిల్లలకి ముక్కు దగ్గర గానీ ఛాతీ మీద గానీ రాయొద్దన్నారు. కర్పూరం కలిసిన బామ్‌లూ అంతే. ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు చాలట.

అసలు టెన్షన్ పెట్టింది మాత్రం సీసా. కొద్దిగా మింగినా పసిపిల్లలకి మగత, ఫిట్స్ రావచ్చట. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మా అత్తయ్యగారు ఊటీ నుంచి తెచ్చుకున్న సీసా దేవుడి గూట్లో, పాప చేతికి అందే ఎత్తులో ఉండేది. ఇప్పుడు బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆవిడ రెండు పూటలు ముభావంగా ఉన్నారు, ఏం చేస్తాం!

ఆవిడ మోకాళ్లకి 30 మి.లీ. కొబ్బరినూనెలో 6 చుక్కలు కలిపి ఇస్తున్నాను, అంటే దాదాపు 1 శాతం. రాసుకున్న చేతులు కడుక్కున్నాకే పాపని ఎత్తుకుంటున్నారు. డిఫ్యూజర్ అటక మీదకి వెళ్లింది. టీ ట్రీ ఆయిల్ (ఇలాంటిదే ఇంకో ఘాటైన తైలం) అయితే కొననే లేదు. అది పిల్లులకి విషం, పక్కింటి పిల్లి రోజూ మా బాల్కనీలోనే పడుకుంటుంది.