ఫోల్డర్ వ్యూ ఎవరిష్టం: మనదా, కంప్యూటర్‌దా?

పద్దుల పుస్తకం:
సూటిగా అడుగుతున్నా. విండోస్‌లో ఒక ఫోల్డర్ వ్యూని, అంటే లోపలి ఫైళ్లు కనిపించే తీరుని, మనం ‘డీటెయిల్స్’ జాబితాగా పెట్టి, తేదీల వారీగా సర్దుకున్నాక దాన్ని మార్చే హక్కు కంప్యూటర్‌కి ఉండాలా? ఉండకూడదని నేనంటాను.

మాది ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. బిల్లులు పీడీఎఫ్‌లో పంపే పార్టీలు తక్కువ, ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పడేసేవాళ్లే ఎక్కువ. నెలాఖరయ్యేసరికి ఒక్కో పార్టీ ఫోల్డర్లో ‘వాట్సాప్ ఇమేజ్’ అని మొదలయ్యే ఫైళ్లు కుప్పలుగా చేరతాయి. అంతే, నిన్నటిదాకా వరసగా ఉన్న జాబితా పొద్దున తెరిచేసరికి పెద్ద పెద్ద బొమ్మలైపోయి ఉంటుంది. అన్నీ తెల్ల కాగితాలే. బొమ్మ చూసి ఏది ఏ బిల్లో ఎలా చెప్పేది? సరే అని మళ్లీ డీటెయిల్స్‌కి మారిస్తే ‘డేట్ మాడిఫైడ్’ కాలమ్ మాయం. దాని బదులు ఉత్త ‘డేట్’, ఇంకో పక్క ‘ట్యాగ్స్’. 20వ తేదీ జీఎస్‌టీఆర్-3బీ రిటర్న్ గడువు నెత్తిన కూర్చున్నప్పుడు నాకు ట్యాగ్స్ ఎందుకండీ?

ఆల్బమ్ డిజైనర్:
మీ బాధ నిజమే సార్, కానీ మీకోసం అందరికీ ఆ సదుపాయం తీసేయమంటే ఎలా? మాది ఫొటో స్టూడియో. ఒక్క పెళ్లికే మంగళస్నానాలు, తలంబ్రాలు, రిసెప్షన్ అని ఎన్ని ఫోల్డర్లు చేస్తామో. కార్డులోంచి కాపీ కొట్టి తెరిస్తే చాలు, థంబ్‌నెయిల్స్ వాటంతటవే వస్తాయి. మా కుర్రాళ్లకి వ్యూ మార్చడం నేర్పాల్సిన పనే లేదు. సెట్టింగుల జోలికి జన్మలో వెళ్లని వాళ్లే ఎక్కువమంది. వాళ్లకి కంప్యూటర్ ఊహించి పెడితేనే మేలు.

టక్స్ తెలుగు:
ఇక్కడ రెండు గొడవలు కలిసిపోయాయి. కంప్యూటర్ మర్చిపోవడం వేరు, ఊహించడం వేరు.

విండోస్‌లో ప్రతి ఫోల్డర్‌కీ ఒక టెంప్లేట్, అంటే ఎలా చూపించాలనే నమూనా ఉంటుంది: జనరల్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. లోపల ఏ రకం ఫైళ్లు ఎక్కువున్నాయో చూసి అదే ఒకటి తగిలిస్తుంది. పద్దుల పుస్తకం గారి ఫోల్డర్‌కి ‘పిక్చర్స్’ తగిలింది, ఆ కాలమ్స్ దాని సొత్తు. ఫోన్ రికార్డింగులు దాచుకునే ఫోల్డర్‌ని అడగండి, ‘కాంట్రిబ్యూటింగ్ ఆర్టిస్ట్స్’, ‘ఆల్బమ్’ అని చూపిస్తుంది. లోపలున్నది మేస్త్రీతో మాట్లాడిన కాల్!

ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘అప్లై టు ఫోల్డర్స్’ నొక్కినా పని కాలేదని చాలామంది తిట్టుకుంటారు. ఆ బటన్ అదే టెంప్లేట్ ఉన్న ఫోల్డర్లకే పనిచేస్తుంది. జనరల్ ఫోల్డర్లో నిలబడి నొక్కితే పిక్చర్స్ ఫోల్డర్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ ముక్క ఆ బటన్ పక్కనే రాసి ఉంటే సగం తిట్లు తగ్గేవి.

మర్చిపోవడం సంగతికొస్తే, అదీ ఉంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే ఖజానా పేరు రెజిస్ట్రీ. ఒక్కో ఫోల్డర్ వ్యూ అందులో ‘బ్యాగ్స్’ అనే చోట దాస్తుంది, దానికో పరిమితి. విండోస్ ఎక్స్‌పీ మొదట్లో 400 ఫోల్డర్లే గుర్తుండేవి, తర్వాత వచ్చిన వాటిలో 5000. నిండాక కొత్తది రావాలంటే పాతది పోవాల్సిందే.

పద్దుల పుస్తకం:
ఎక్స్‌పీలో ‘ఒక్కో ఫోల్డర్ వ్యూ గుర్తుంచుకో’ అని టిక్ పెట్టుకునే గడి ఉండేది కదా, అదేమైంది?

టక్స్ తెలుగు:
విండోస్ 7లో తీసేశారు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఊహించడం తప్పు కాదు, వద్దని చెప్పే గడి లేకపోవడం తప్పు. లినక్స్‌లో ఫోల్డర్లు తెరిచే డాల్ఫిన్ అనే ప్రోగ్రామ్ చూడండి, అన్ని ఫోల్డర్లకూ ఒకటే వ్యూనా, దేనిది దానికేనా అని సెట్టింగుల్లోనే తేల్చుకోవచ్చు.

బ్యాకప్ బాబాయ్:
అన్నీ గుర్తుంచుకోవాలని అడిగేముందు ఇదీ వినండి. ఆ బ్యాగ్స్‌లో మీరు తెరిచిన ఫోల్డర్ల పేర్లూ దారులూ ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లో తెరిచినవి సహా. ఫోల్డర్ డిలీట్ చేసినా ఆ జాడ ఉండిపోవచ్చు. సైబర్ ఫోరెన్సిక్స్ వాళ్లు ‘షెల్‌బ్యాగ్స్’ అని తవ్వి తీసేది దీన్నే. పదిమంది కూర్చునే ఆఫీసు సిస్టమ్‌లో ఐకాన్ సైజు కోసం ఇంత చరిత్ర పోగేయాలా? నన్నడిగితే అన్నిటికీ ఒకటే వ్యూ, అక్కడితో సరి.

ఆపిల్ తోట:
మాక్‌లో ఇంకో పద్ధతి బాబాయ్. ఆ ఫోల్డర్ ఎలా కనిపించాలో అందులోనే ‘డాట్ డీఎస్ స్టోర్’ అనే దాచిన ఫైల్లో రాసి పెడుతుంది. ఫోల్డర్ ఎక్కడికి వెళ్తే సెట్టింగూ అక్కడికే. వినడానికి బాగుంటుంది గానీ, పెన్‌డ్రైవ్ తీసుకుని ప్రింటవుట్‌కి వెళ్తే జిరాక్స్ షాపతను ఆ ఫైల్ చూసి ‘వైరస్ ఉంది సార్’ అని తిరిగిచ్చేశాడు.

పద్దుల పుస్తకం:
బాబాయ్ గారూ, జాడల సంగతి నిజమే. కానీ నేను అన్నీ గుర్తుంచుకోమనట్లేదు. నేను చెయ్యి పెట్టి మార్చిన దాన్ని కెలకొద్దంటున్నా, అంతే. దీనికి మందేమైనా ఉందా?

టక్స్ తెలుగు:
ఉంది. ముందు రెజిస్ట్రీ ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఒక కాపీ తీసి పెట్టుకోండి, ఇది మర్చిపోవద్దు. బ్యాగ్స్ కింద ‘ఆల్‌ఫోల్డర్స్’, దాని కింద ‘షెల్’. అక్కడ ‘ఫోల్డర్‌టైప్’ పేరుతో ఒక స్ట్రింగ్ (అక్షరాల్లో రాసే సెట్టింగ్) పెట్టి, విలువ ‘నాట్‌స్పెసిఫైడ్’ అని రాయండి. ఊహించడం ఆగిపోయి ఫోల్డర్లు జనరల్‌గా తెరుచుకుంటాయి. పాత లెక్కలు అడ్డొస్తే బ్యాగ్స్, దాని పక్కనే ఉండే బ్యాగ్‌ఎంఆర్‌యూ రెండూ తుడిచేశాక ఇది పెట్టాలి. అప్పుడు ఇప్పటిదాకా సర్దుకున్న వ్యూలన్నీ పోతాయి, తెలిసే చేయండి. ఫైల్ ఓపెన్, సేవ్ డబ్బాల వ్యూ మాత్రం వేరే లెక్క. మామూలుగా ఫోల్డర్లు తెరిచే ఎక్స్‌ప్లోరర్‌లో పెట్టింది అక్కడ కనబడలేదని మళ్లీ నన్ను తిట్టకండి.

ఆల్బమ్ డిజైనర్:
అంటే అది పెడితే నా పెళ్లి ఫోల్డర్లు కూడా జాబితాలైపోతాయా?

టక్స్ తెలుగు:
అవుతాయి అన్నా. ఫొటోలుండే పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ‘కస్టమైజ్’ ట్యాబ్‌కి వెళ్లి ‘పిక్చర్స్’ ఎంచుకుని, సబ్‌ఫోల్డర్లకీ ఇదే అనే టిక్ పెట్టుకోవాలి.

ఆల్బమ్ డిజైనర్:
ముహూర్తాల సీజన్లో ఈ టిక్కులన్నీ ఎవరు పెడతారు తమ్ముడూ? గడి పెడితే పెట్టనీ, కాదనను. కానీ కొత్త సిస్టమ్ కొన్నప్పుడు ఊహించే పద్ధతే ఆన్‌లో ఉండి రావాలి.

పద్దుల పుస్తకం:
అక్కడే మీకూ నాకూ తేడా. ఆఫ్‌లో ఉండి రావాలంటాను. కావాల్సినవాళ్లు ఆన్ చేసుకుంటారు.

ఆల్బమ్ డిజైనర్:
చేసుకోరు సార్. మా కుర్రాళ్లకి ఆ గడి ఉందనే తెలియదు.